డెర్బీషైర్ డేల్స్‌లో ఒక వేసవి రోజు: ఇంటిల్లిపాదీ ఎలా వెళ్ళిరావాలి

ఏప్రిల్ దాటిందంటే నాకు ఒకే ప్రశ్న పదేపదే వస్తుంది. "అమ్మావాళ్ళు ఊరి నుంచి వస్తున్నారండీ. లండన్ చూపించేశాం. ఇక్కడి పల్లెటూళ్ళు చూపించాలంటే ఎక్కడికి తీసుకెళ్ళాలి?" అడిగేది ఎక్కువగా డెర్బీ, నాటింగ్‌హామ్, షెఫీల్డ్, మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ వైపు ఉండే మనవాళ్ళే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడితే నయమనిపించింది.

నేను చెప్పేది డెర్బీషైర్ డేల్స్ గురించి. ఇంగ్లండ్ నడిమధ్యన రాతిగోడల పొలాలు, సన్నటి నదులు, సున్నపురాయి కొండలు ఉన్న జిల్లా ఇది. ఇందులో చాలా భాగం పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్క్ కిందికి వస్తుంది. 1951లో బ్రిటన్‌లో ఏర్పడ్డ మొట్టమొదటి నేషనల్ పార్క్ అదే.

మొదలుపెట్టే ముందు ఒక్కమాట గుర్తుపెట్టుకోండి: ఒక రోజుకి ఒక లోయ. నేను మొదటిసారి అమ్మానాన్నలను తీసుకెళ్ళినప్పుడు ఆగస్టు బ్యాంక్ హాలిడే ఆదివారం నాడు చాట్స్‌వర్త్, బేక్‌వెల్, డవ్‌డేల్ మూడూ చుట్టేద్దామనుకున్నాను. రోజంతా కారు క్యూలలోనే గడిచిపోయింది. నాన్నగారికి మోకాళ్ళు పట్టేశాయి. రాత్రి ఇంటికొచ్చాక అమ్మ, "కార్ పార్కులు బాగున్నాయి నాన్నా" అంది. ఆమె నిజంగానే అలా అనుకుంది. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది. కింద రాసినవన్నీ ఆ తర్వాత నేర్చుకున్నవే.

కావాల్సినవి

- పట్టున్న బూట్లు, అందరికీ. చెప్పులు, సాండల్స్ వద్దు. చీర కట్టుకునే పెద్దవాళ్ళు ఆ ఒక్కరోజుకి చుడీదార్ వేసుకుంటే హాయిగా ఉంటుంది. రాతిగోడల సందుల్లో దూరాల్సి వస్తుంది.
- జూన్, జులై అయినా సరే, తలా ఒక స్వెటరు, ఒక పల్చటి రెయిన్‌కోటు. గొడుగు కొండగాలికి నిలవదు.
- ఓఎస్ (ఆర్డ్‌నెన్స్ సర్వే, ఇక్కడి మ్యాపుల సంస్థ) ఎక్స్‌ప్లోరర్ మ్యాప్ ఓఎల్ 24, వైట్ పీక్. కాగితం మ్యాప్ కొనకపోతే, ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాప్ ఇంట్లోనే దించుకోండి. లోయల్లో సిగ్నల్ ఉండదు.
- చిల్లర పౌండ్లు. పార్కింగ్‌కి, పూల పలకల (వాటి సంగతి కింద 1లో) దగ్గర పెట్టే విరాళాల డబ్బాకి పనికొస్తాయి.
- పెద్దవాళ్ళ మందులు, నీళ్ళు, ఫ్లాస్కులో టీ.
- కూర్చోడానికి ఒక దుప్పటి. కింద గడ్డి ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఒక ప్లాస్టిక్ షీటు కూడా.

1. ముందు తేదీ చూసుకోండి, తర్వాత ఊరు

అందరూ దీన్ని తిరగేసి చేస్తారు. ఊరు అనుకుని, సెలవు దొరికిన రోజు వెళ్తారు. ఈ జిల్లాలో వేసవి అసలు అందం ఒక్కో ఊళ్ళో ఒక్కో వారం కనిపిస్తుంది. దాన్ని 'వెల్ డ్రెస్సింగ్' అంటారు. చెక్క పలకల మీద తడిమట్టి మెత్తి, పూలరేకులు అద్ది చేసిన పెద్ద పెద్ద బొమ్మలతో ఊరి బావులను, నీటి ఊటలను అలంకరిస్తారు. బతుకమ్మను పేర్చి, నీళ్ళలో వదిలి, గంగమ్మకు దణ్ణం పెట్టుకునే మనకు ఈ పండగ గురించి ఎవరూ వివరించక్కర్లేదు. మా అమ్మకైతే ఒక్క చూపుతో అర్థమైపోయింది.

టిస్సింగ్టన్‌లో ఇది అసెన్షన్ డే (క్రీస్తు స్వర్గారోహణ పండగ) నాడు మొదలవుతుంది. ఈస్టర్ ఆదివారాన్ని మొదటి రోజుగా లెక్కేస్తే 40వ రోజు, ఎప్పుడూ గురువారమే. అక్కడ ఆరు బావులను అలంకరిస్తారు. యూల్‌గ్రీవ్‌లో, టైడ్స్‌వెల్‌లో జూన్ నెలాఖరు వైపు, ఈమ్‌లో ఆగస్టు చివర్లో చేస్తారు. తేదీలు ఏటా మారుతాయి కాబట్టి ఆ ఏడాది జాబితా చూసుకుని క్యాలెండర్‌లో గుర్తుపెట్టుకోండి.

జాగ్రత్త: ఒక్కో అలంకరణ వారం రోజులకు మించి నిలవదు. ఐదో రోజుకే మట్టి పగుళ్ళిచ్చి రేకులు వాడిపోతాయి. మొదటి రెండు మూడు రోజుల్లో వెళ్ళండి. ఇంకా మంచి పద్ధతి కూడా ఉంది, దాని సంగతి 5లో చెప్తాను.

ఆగస్టు బ్యాంక్ హాలిడే వారాంతం, ఎండ కాసే ఆదివారాలు వదిలేయండి. మీకు సెలవు దొరికితే మంగళ, బుధ, గురువారాలు ఉత్తమం. సోమవారం బేక్‌వెల్ సంత రోజు. సంత చూడాలంటే సరే, ప్రశాంతత కావాలంటే వద్దు.

2. ఇంట్లోవాళ్ళను బట్టి లోయ ఎంచుకోండి

*మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, కారు లేనివాళ్ళు:* క్రామ్‌ఫర్డ్. డెర్బీ నుంచి మ్యాట్‌లాక్ వెళ్ళే రైలెక్కి క్రామ్‌ఫర్డ్ స్టేషన్‌లో దిగి, పది పన్నెండు నిమిషాలు నడిస్తే ఆర్క్‌రైట్ కట్టించిన పాత నూలు మిల్లు. పక్కనే కాలువగట్టు, చదునైన దారి, చక్రాల కుర్చీ, పిల్లల బండి రెండూ వెళ్తాయి.

*సైకిల్ తొక్కే పిల్లలు:* మాన్సల్ ట్రెయిల్. 1968లో మూసేసిన రైలు దారిని ఎనిమిదిన్నర మైళ్ళ బాటగా మార్చారు. 2011లో సొరంగాలు కూడా తెరిచారు. హాసప్ స్టేషన్ దగ్గర సైకిళ్ళు అద్దెకిస్తారు. ఎత్తుపల్లాలు దాదాపు లేవు. సొరంగాల్లో చల్లగా ఉంటుంది, స్వెటర్లు అక్కడ వేసుకోండి. లోపలి లైట్లు చీకటి పడ్డాక ఉండవు కాబట్టి ఆలోపే బయటపడండి. మొత్తం దారి తొక్కాలని పట్టు పట్టొద్దు. హాసప్ నుంచి హెడ్‌స్టోన్ వయాడక్ట్ దాకా వెళ్ళి, వంతెన మీద నిలబడి కింద వై నది మెలిక తిరగడం చూసి వెనక్కి వస్తే చిన్నపిల్లలకు సరిపోతుంది.

*చరిత్ర మీద మనసున్నవాళ్ళు:* ఈమ్, ప్లేగు కథ ఉన్న ఊరు (6లో చెప్తాను). నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను.

*అందరూ కలిసి, పెద్ద గుంపుగా:* చాట్స్‌వర్త్ పార్క్, అంటే చాట్స్‌వర్త్ అనే పాత పెద్ద భవనం చుట్టూ ఉన్న పార్కు. భవనం లోపలికి టికెట్ ఖరీదే, ముందే బుక్ చేసుకోవాలి. కానీ బయటి పార్కులో నది ఒడ్డున కాలిబాట మీద నడవడానికి టికెట్ అక్కర్లేదు. షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ వెళ్ళే 218 బస్సు అటుగానే వెళ్తుంది.

డవ్‌డేల్ గురించి చాలామంది అడుగుతారు. నదికి అడ్డంగా వేసిన అడుగురాళ్ళ మీద ఫొటో కోసం. చోటు అందమైనదే. అయితే ఆ సున్నపురాళ్ళు ఇన్నేళ్ళ పాదాలకు అరిగి నున్నగా అయిపోయాయి, తడిస్తే సబ్బులా జారతాయి. వెళ్తే ఉదయం తొమ్మిదిన్నరలోపే వెళ్ళండి, పెద్దవాళ్ళను రాళ్ళ మీద దాటించకండి.

3. తిండి సంగతి

పులిహోర, పెరుగన్నం, చపాతీ చుట్టలు కట్టుకెళ్ళండి. పల్లెల్లో టీ కొట్లు నాలుగు నాలుగున్నరకే కట్టేస్తారు. మధ్యాహ్నం రెండు దాటితే కొన్ని పబ్బుల్లో వంటగది మూసేస్తారు.

శాకాహారులకు ఒక హెచ్చరిక. ఈ ప్రాంతంలో కొన్ని చిప్స్ దుకాణాల్లో నూనెకు బదులు గొడ్డు కొవ్వులో వేయిస్తారు. చిప్సే కదా అని పెద్దవాళ్ళకు కొనివ్వకండి. "వెజిటబుల్ ఆయిలేనా?" అని ముందే అడగండి, వాళ్ళేమీ అనుకోరు. బేక్‌వెల్ పుడ్డింగ్‌లో గుడ్లు, బాదం ఉంటాయి. గుడ్డు ముట్టని వాళ్ళకు అదీ పనికిరాదు. తినేవాళ్ళు మాత్రం తప్పక రుచి చూడండి, కానీ పుడ్డింగ్, టార్ట్ ఒకటి కాదు. పొరలు పొరలుగా విడిపోయే పేస్ట్రీలో జామ్ మీద మెత్తటి గుడ్డు, బాదం మిశ్రమం పోసి కాల్చేది పుడ్డింగ్. గట్టి అంచుతో కేకులా ఉండేది టార్ట్. ఆ ఊళ్ళో పుట్టింది పుడ్డింగ్, అది వేడిగా అడగండి.

4. ముందురోజు రాత్రి

ఈ ఐదూ చూసుకోకుండా పడుకోకండి.

- వెళ్ళే చోటు రేపు తెరిచి ఉందా? చిన్న మ్యూజియాలకు వారంలో సెలవు రోజులుంటాయి.
- తిరుగు రైలు, చివరి బస్సు ఎన్నింటికి? స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.
- పార్కింగ్ యాప్ దించుకుని, కారు నంబరు, కార్డు వివరాలు ఎక్కించారా? ఒకసారి నేను చెల్లిద్దామనుకుంటే సిగ్నల్ లేదు, మిషన్ పనిచేయలేదు, పైన జరిమానా కాగితం ఇంటికొచ్చింది. అప్పటి నుంచి చిల్లర లేకుండా బయల్దేరను.
- వాతావరణం ఊరి పేరుతో చూశారా? డెర్బీలో ఎండ ఉన్నంత మాత్రాన కొండ మీద ఉండాలని లేదు.
- వాన పడితే ఎక్కడికి? మిల్లో, మ్యూజియమో, ఒక పైకప్పున్న చోటు అనుకుని ఉంచుకోండి.

ఉదయం ఎనిమిదికల్లా బయల్దేరితే పదిలోపు పార్కింగ్ దొరుకుతుంది. పదకొండు దాటితే టెన్షన్ మొదలు. ఉదయం కుదరకపోతే మధ్యాహ్నం మూడుకి వెళ్ళండి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది, గుంపులు అప్పటికి తిరుగుముఖం పడతాయి.

5. పూల పలక చూసే పద్ధతి

చాలామంది ఎదురుగా నిలబడి ఫొటో తీసుకుని రెండు నిమిషాల్లో వచ్చేస్తారు. అలా కాదు. రెండడుగుల దూరానికి వెళ్ళి, వంగి చూడండి.

చెక్క పలకలను ముందు రోజుల తరబడి నీళ్ళలో నానబెడతారు. వాటి మీద ఉప్పు కలిపిన తడిమట్టి అంగుళం మందాన మెత్తుతారు. ఉప్పు తడి ఆరనివ్వదు. కాగితం మీద గీసిన బొమ్మను మట్టి మీద పరిచి, గీతల వెంట సూదితో గుచ్చుతారు. కాగితం తీసేస్తే చుక్కలు మిగులుతాయి. ఆ చుక్కల వెంట కాఫీ గింజలు, చిన్న ఎండుకాయలు, బెరడు ముక్కలు అద్ది గీత తేలుస్తారు. ఇక పూలరేకులు. కింది వరస ముందు అద్ది, పై వరస దాని మీదికి కాస్త వచ్చేలా పెడతారు, అచ్చం పెంకుటింటి కప్పు వేసినట్టు. వాన పడితే నీళ్ళు రేకు మీద నుంచి రేకు మీదికి జారిపోతాయి, మట్టిలోకి దిగవు.

పండగకు రెండు మూడు రోజుల ముందు, ఈ రేకులు అద్దే పని ఊళ్ళో ఏ షెడ్డులోనో, హాలులోనో జరుగుతుంటుంది. కొన్ని ఊళ్ళలో బయటివాళ్ళను చూడనిస్తారు. నేను అడిగిందల్లా ఇదే, కుదిరితే ఆ రోజు వెళ్ళండి. మేం వెళ్ళిన షెడ్డులో తడిమట్టి వాసన, పచ్చి ఆకుల వాసన కలగలిసి ఉంది. డెబ్భై దాటిన ఒక పెద్దావిడ హైడ్రాంజియా పువ్వు నుంచి ఒక్కొక్క నీలిరేకు తుంచి, బొటనవేలి కొసతో మట్టిలోకి నొక్కుతోంది. అరచేయంత ఆకాశానికి ఆమెకు అరగంట పట్టింది. మా అమ్మ కాసేపు చూసి, పక్కనున్న బుట్టలోంచి రేకులు తుంచి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. గంటన్నర అక్కడే ఉన్నాం.

మీరు బాగా చూశారో లేదో తెలియాలంటే: ఈ పలకలో నల్లగీత దేనితో వేశారు? ఆకుపచ్చ దేనితో వచ్చింది? పిల్లలు ఈ రెండూ చెప్పగలిగితే సరిగ్గా చూసినట్టే. చెప్పలేకపోతే మళ్ళీ వెళ్ళి వంగి చూడండి. రేకులు మాత్రం వేలితో తాకనివ్వద్దు.

6. ఈమ్‌లో ఏ వరసలో నడవాలి

1665లో లండన్ నుంచి వచ్చిన బట్టల మూటలో రక్తం తాగే చిన్న గెంతుడు పురుగులు (ఫ్లీలు) ఉన్నాయని, వాటితో ప్లేగు ఈ ఊరికి వచ్చిందని చెప్తారు. మొదట చనిపోయింది దర్జీ దగ్గర పనిచేసే జార్జ్ విక్కర్స్. మరుసటి వేసవిలో పాస్టర్ విలియం మాంపెసన్, ఆయనకు ముందున్న థామస్ స్టాన్లీ కలిసి ఊరివాళ్ళను ఒప్పించారు: ఎవరూ ఊరు దాటొద్దు, జబ్బును పక్క ఊళ్ళకు పాకనివ్వొద్దు. సుమారు 260 మంది చనిపోయారు. కొవిడ్ చూసిన మనం ఇంతకన్నా తెలుసుకోనక్కర్లేదు, వెళ్ళి నడిస్తే చాలు.

ముందు చర్చికి వెళ్ళండి. ఆవరణలో పురాతన రాతి శిలువ దగ్గరే పాస్టర్ భార్య కేథరిన్ సమాధి ఉంది. ఆమె 1666 ఆగస్టులో ప్లేగుతోనే పోయింది. లోపల ఒక కిటికీ అద్దాల మీద ఈ కథంతా బొమ్మలుగా ఉంది. పిల్లలకు అక్కడే చెప్పండి.

పక్కనే ప్లేగు ఇళ్ళు. ప్రతి ఇంటి ముందూ పలక మీద అక్కడ చనిపోయినవాళ్ళ పేర్లుంటాయి. తప్పు జరిగేది ఇక్కడే: వాటిలో ఇప్పటికీ మనుషులు కాపురం ఉంటున్నారు. కిటికీల్లోంచి తొంగిచూడటం, వాళ్ళ తోటలోకి అడుగుపెట్టి ఫొటోలు దిగడం చేయకండి.

ఆ తర్వాత సరిహద్దు రాయి. స్టోనీ మిడిల్టన్ వైపు పొలాల మధ్య కాలిబాట మీద ఉంటుంది. రాయి మీద ఆరు గుంటలు. ఊరివాళ్ళు అంటు పోతుందని ఆ గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణేలు వేసి వెళ్ళేవారు. పక్క ఊరివాళ్ళు తిండి అక్కడ పెట్టి, డబ్బు తీసుకునేవారు. వేలు పెట్టి చూడండి, గుంట అంచులు నున్నగా ఉంటాయి. దారిలో రాతిగోడల మధ్య సన్నటి సందులోంచి దూరాలి. లావుగా ఉన్నవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కష్టం. వాళ్ళను ఊళ్ళో బెంచీ మీద కూర్చోబెట్టి వెళ్ళిరండి.

నడవగలిగితే రైలీ సమాధులు కూడా. ఊరికి తూర్పున, ఎక్కుడు దారి. చిన్న గుండ్రటి రాతిగోడ మధ్య కొన్ని సమాధి రాళ్ళు. ఎలిజబెత్ హ్యాంకాక్ అనే తల్లి ఎనిమిది రోజుల్లో భర్తను, ఆరుగురు పిల్లలను తన చేతులతో పాతిపెట్టిన చోటు. అక్కడ మా పాప నా చేయి పట్టుకుని ఏమీ మాట్లాడలేదు. దుప్పటి పరిచి తినడానికి ఆ చోటు తగదు, భోజనం ఊళ్ళోకి వచ్చాకే.

మొత్తానికి మూడు, మూడున్నర గంటలు పెట్టుకోండి.

7. క్రామ్‌ఫర్డ్‌లో చూడాల్సింది

1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ నీటి బలంతో నూలు వడికే మిల్లు ఇక్కడ కట్టించాడు. 2001లో ఈ లోయ మిల్లులన్నీ ప్రపంచ వారసత్వ స్థలం అయ్యాయి. ఆవరణలోకి వెళ్ళడానికి టికెట్ అక్కర్లేదు. గైడ్‌తో తిరగాలంటే ఉంటుంది, తీసుకోవడమే మంచిది.

మనకు ఇందులో సొంత సంగతి ఒకటుంది. మన దేశపు అద్దకం బట్టలు తెగ కొనేస్తున్నారని 1721లో బ్రిటన్ అద్దకపు నూలుబట్టలు కట్టుకోవడాన్నే నిషేధించింది. 1774లో, ఆర్క్‌రైట్ పట్టుదలతో, బ్రిటన్‌లోనే నేసిన నూలుబట్టకు ఆ నిషేధం ఎత్తేశారు. తర్వాత మిల్లు నూలు, మిల్లు బట్ట ఓడల్లో మన రేవులకే వచ్చాయి. మచిలీపట్నం వైపు నేతపనివాళ్ళు ఏమయ్యారో మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా చెప్తారు. నేతగాళ్ళ కుటుంబం నుంచి వచ్చిన నాన్నగారు ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డారు.

ఆ గోడ చూడండి. రోడ్డు వైపు కింది అంతస్తులకు కిటికీలు లేవు. కోటలా ఉంటుంది. లోపలికి వచ్చి చూస్తే వరసగా కిటికీలు. రాత్రీ పగలూ షిఫ్టులు నడిచాయి, చిన్నపిల్లలు కూడా పనిచేశారు. అది పిల్లలకు చెప్పకుండా దాటవేయకండి.

తర్వాత రోడ్డు దాటి కాలువగట్టు పట్టుకుని హై పీక్ జంక్షన్ దాకా నడవండి, మైలుకు కాస్త ఎక్కువ. దుప్పటి పరిచి తినడానికి ఈ గట్టు మంచి చోటు. కాలువ పక్క పిల్లల చేయి వదలొద్దు, కంచె ఉండదు.

8. పొలాల్లో నడిచేటప్పుడు

గేటు తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే వదిలేయండి. దూడలున్న ఆవుల మధ్యలోంచి వెళ్ళకండి. మన ఊరి ఆవుల్లా నెమ్మదిగా ఉంటాయనుకుని నుదురు నిమరబోతే ప్రమాదం. దూరంగా చుట్టూ తిరిగి వెళ్ళండి, పరుగెత్తొద్దు. నెటిల్ ఆకు తగిలితే దూలగొండిలా మంట పుడుతుంది, కాసేపటికి తగ్గిపోతుంది. పొడుగు గడ్డిలో తిరిగితే రాత్రికి పిల్లల మోకాళ్ళ వెనక, చెవుల వెనక పిడుదులున్నాయేమో చూడండి.

బార్బెక్యూ, నిప్పు అసలే వద్దు. కొండ మీద నేల బొగ్గులా మండే మట్టి. 2018 జూన్‌లో మాంచెస్టర్ పక్కన శాడిల్‌వర్త్ మూర్ అంటుకుంటే ఆర్పడానికి వారాలు పట్టింది.

ఎక్కువగా అడిగేవి

*"రెండు చోట్లు కలపొచ్చా?"* ఈమ్, బేక్‌వెల్ కలుస్తాయి, క్రామ్‌ఫర్డ్, మ్యాట్‌లాక్ బాత్ కలుస్తాయి. మ్యాట్‌లాక్ బాత్‌లో కేబుల్ కారు పిల్లలకు నచ్చుతుంది. ఎండ కాసే ఆదివారాల్లో మాత్రం అక్కడ మోటార్ సైకిళ్ళ హోరు ఉంటుంది.

*"వాన పడితే మానేయాలా?"* సన్న జల్లుకు మానొద్దు. జోరుగా పడితే క్రామ్‌ఫర్డ్‌కి మార్చుకోండి.

*"వేసవి అయిపోయింది కదా?"* సెప్టెంబర్‌లో హెరిటేజ్ ఓపెన్ డేస్ వస్తాయి. మామూలుగా మూసి ఉండే, టికెట్ ఉండే చాలా చోట్లకు ఆ పది రోజుల్లో ఉచితంగా వెళ్ళొచ్చు. కొన్నిటికి బుకింగ్ ఉంటుంది, ఆగస్టులోనే చూసుకోండి.

సాయంత్రం కారెక్కాక, పెద్దవాళ్ళు నిద్రపోయే ముందు, "ఈరోజు చూసినవాటిలో మీరు ఊళ్ళో ఎవరికి ఏం చెప్తారు?" అని అడగండి. మా అమ్మ కిందటేడు, "ఆ నీలం రేకులావిడ గురించి చెప్తా" అంది. మా నాన్నగారు గోడ గురించి చెప్పారు.